కోర్టులో నవ్వరాదు

నన్నే సాక్షిగా ఎందుకు ఎంచుకున్నారని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. మాట నేర్చినవాళ్ళు మాలో చాలామందే ఉన్నారు. నేను మూడో తరగతితో బడికి దండం పెట్టినవాడిని. హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేసుకునే మనిషిని. నా నోట్లోంచి మాట రావాలంటే గునపం పెట్టి పెకలించాలంటుంది మా మరదలు. మావాళ్ళు నాకు పెట్టిన పేరు బెల్లం కొట్టిన రాయి. పిలవడానికి పొడుగయిందని రాయి అని కురచ చేశారు.

నన్ను ఎంచుకున్నది నేను నవ్వనని.

బయటివాళ్ళు మమ్మల్ని నవ్వులోళ్ళు అంటారు. మా నమ్మకం చిన్నది. దేవుడు ఈ లోకాన్ని నవ్వుతూ చేశాడు, కాబట్టి ఆయన్ని నవ్వుతూనే తలుచుకోవాలి. వారానికోసారి ఒక గదిలో చేరతాం. ఎవరో ఒకరు ఆ వారం తాను చేసిన తెలివితక్కువ పని చెబుతారు. నవ్వుతాం. కాసేపు ఊరుకుంటాం. ఇంకొకరు చెబుతారు. అదే మా ప్రార్థన. ఒకరి పొరపాటు ఇంకొకరు చెప్పకూడదు. ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి. పోయినవాళ్ళకు మాత్రం చెప్పుకునే నోరుండదు గనక దగ్గరివాళ్ళు వాళ్ళ తరఫున చెబుతారు. అందరం కలిసి నవ్వుతాం. దాన్ని చివరి నవ్వు అంటాం. అది అయ్యాకే మట్టి. అది కాకపోతే పోయిన మనిషి గుమ్మంలోనే నిలబడిపోతాడని మా పెద్దల మాట.

మా దేశంలో ప్రతి గదిలోనూ దేశపెద్ద పటం ఉండాలని చట్టం వచ్చింది. మా ప్రార్థన గదిలోనూ తగిలించి పోయారు. పటం ఎదురుగా కూర్చుని నవ్వితే, ఆయన్ని చూసే నవ్వామన్నారు. అటు తిరిగి కూర్చుంటే, ఆయనకు వీపు చూపించామన్నారు. పటం మీద గుడ్డ కప్పుదామా అని బండోడు, అంటే మా రొట్టెల కొట్టాయన, అడిగాడు.

"వద్దులే. ముసుగులో ఆయనే నవ్వుతున్నాడని మన మీద రాస్తారు," అన్నాడు మా తమ్ముడు.

ఆ వారం ప్రార్థన ఆ ఒక్క మాటతోనే గడిచిపోయింది. నేను కూడా నవ్వాను. నన్ను నవ్వించగలిగినవాడు లోకంలో వాడొక్కడే.

మరుసటి వారం పోలీసులు వచ్చి గుమ్మంలో నిలబడి కాల్చారు. తమ్ముడు వెనక కిటికీలోంచి నన్ను బయటికి తోశాడు. నా మీద తన భార్యను, మా మరదలిని, తోశాడు. వాడి తల కిటికీలో కనిపించింది. మళ్ళీ కనిపించలేదు. తెల్లారేసరికి ఆ గది కడిగి, గోడలకు సున్నం కొట్టి ఉంది.

ఎవరూ చనిపోలేదంది ప్రభుత్వం. కనిపించనివాళ్ళంతా పోలీసుల మీద పడి కొట్టి, సరిహద్దు దాటి పారిపోయారంది. మా తమ్ముడు వాళ్ళందరికీ నాయకుడట.

బతికినవాళ్ళం దేశం విడిచాం. దేశాల మీద వ్యాజ్యాలు వినే కోర్టు ఉన్న నగరంలో తేలాం. నేను ఒక హోటలు చాకిరేవులో చేరాను. మరదలు అక్కడే చిరుగులు కుడుతుంది. మా తరఫున ఒక లాయరమ్మ నిలబడింది. ఆమెది మా భాషే గానీ మా మతం కాదు.

"ముందు ఈ కేసు కోర్టు తీసుకుంటుందో లేదో తేలాలి. తీసుకుంటే, మీవాళ్ళు ఏమయ్యారో చెప్పమని మీ ప్రభుత్వాన్ని నిలదీస్తుంది. తీసుకోకపోతే ఇక ఇంతే సంగతులు," అని చెప్పింది.

మా మరదలికి కావలసింది కూడా అదే. తమ్ముడికి చివరి నవ్వు జరిపిద్దామని బండోడు అంటే ఆమె కత్తెర పట్టుకుని లేచింది.

"ఆయన పారిపోయాడని కదా వాళ్ళంటున్నది? పోయాడని చంపినవాళ్ళే చెప్పాలి. వాళ్ళ నోటితో చెప్పాలి. అందాకా ఎవడైనా ఆయన పేరు మీద చివరి నవ్వు నవ్వాడో, పళ్ళు రాలగొడతా."

బండోడు నోరు మూసుకున్నాడు. వాడికి ఉన్నవే నాలుగు పళ్ళు.

కోర్టుకు ముందు లాయరమ్మ మా అందరికీ తాలీము పెట్టింది. చెప్పుల షాపు మీద ఆమె ఆఫీసు. కిందినుంచి కొత్త తోలు వాసన వస్తుంటుంది.

"ఒకటే నియమం. కోర్టులో నవ్వరాదు. గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది కూడా. మీరు నవ్వారంటే, వీళ్ళకి ఏ బాధా లేదు, అంతా నాటకం అంటాడు అవతలి లాయరు. నవ్వు నాలుగు విధాల చేటన్నారు, విన్నారా?"

"వినలేదమ్మా," అన్నాడు బండోడు. "మా మతంలో అది బూతు."

అక్కడే మొదలైంది. కోర్టు మొదలైనట్టు లాయరమ్మ గ్లాసు మీద చెంచాతో కొట్టింది. మరదలు హోటలు తువ్వాలు భుజాన వేసుకుని అవతలి లాయరు వేషం కట్టింది. బండోడు జడ్జీ. నేల తుడిచే కుంచె నెత్తిన పెట్టుకున్నాడు. దాంట్లోంచి నీళ్ళు ముక్కు మీదికి కారుతుంటే, గంభీరంగా, "కానివ్వండి," అన్నాడు. సాక్షి కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళూ ఆ మాటకే కూలిపోయారు. ఒకామె పమిట నోట్లో కుక్కుకుంది. ఒకాయన పంటినొప్పి తలుచుకుంటానని చెప్పి, పంటినొప్పికే నవ్వాడు. చెప్పుల షాపాయన పైకొచ్చి, "కొనేవాళ్ళు పారిపోతున్నారమ్మా," అని మొత్తుకుని, కుంచె చూసి తనూ గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

నా వంతు వచ్చింది. కూర్చున్నాను. బండోడు కానివ్వండి అన్నాడు. నీళ్ళు కారాయి. చూశాను.

"ఏం బావగారూ, నవ్వు రావడం లేదా?" అంది మరదలు.

"లేదు."

"దొరికాడు!" అని లాయరమ్మ చెంచా గిరాటేసింది. "ఈయన మొహం చూస్తే కోర్టు గోడలకే ఏడుపొస్తుంది."

వాయిదా నాడు అందరం ఉతికి ఆరేసినట్టు వెళ్ళాం. బట్టలన్నీ నేనే ఇస్త్రీ చేశాను. పెద్ద హాలు. ఎత్తు మీద జడ్జీలు. అద్దాల గదిలో దుబాసీ అమ్మాయి. మేం ఏదంటే అది ఆమె జడ్జీల భాషలోకి మార్చి వాళ్ళ చెవుల్లోని గొట్టాల్లోకి పంపుతుంది. వాళ్ళన్నది మా భాషలో మాకు వినిపిస్తుంది. మావాళ్ళంతా వెనక బల్లల మీద, ఊపిరి బిగబట్టి, గుడ్లప్పగించి, పేలబోయే బుడగల్లా కూర్చున్నారు.

అవతలి లాయరు లేచాడు. మా దేశంనుంచే వచ్చాడు. కోటు బాగుంది. పంట్లాం మాత్రం ఒక కాలికి రెండు ఇస్త్రీ గీతలు. మొదటి మడత తప్పిందని పైన ఇంకొకటి నొక్కారు. నా కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. నాలో ఎక్కడో చిన్నగా ఆవిరి లేచినట్టయింది. చూపు తిప్పుకున్నాను.

"మీ తమ్ముడు ఒక దళానికి నాయకుడు. ఆయుధాలున్న పోలీసుల మీదికి మొదట దూకింది అతనే. ఎదురు లేని మొండివాడు, దేనికీ వెరవని మనిషి. ఆ తర్వాత పారిపోయాడు. అవునా కాదా?"

నా కళ్ళు మళ్ళీ ఆ రెండు గీతల మీదికి పోయాయి. లాయరమ్మ నా వంక చూసి తల ఊపింది. కాదని చెబితే చాలు. అంతే నేర్పింది.

పెద్ద జడ్జీగారు ముందుకు వంగి, "సమాధానం చెప్పండి," అన్నారు.

"వాడు బొద్దింకను చూస్తే బల్లెక్కేవాడండి," అన్నాను.

అద్దాల గదిలో దుబాసీ అమ్మాయి పెదాలు కదిలాయి. జడ్జీల కనుబొమలు ఒకటొకటిగా పైకి లేచాయి.

చెప్పింది చాలదేమో అనిపించింది. "ఒకసారి ప్రార్థనలో బొద్దింక వచ్చిందండి. దగ్గర్లో బల్ల లేదు. పెళ్ళాం నెత్తినెక్కాడు," అన్నాను.

"నెత్తి కాదు బావగారూ, భుజం!" అని వెనకనుంచి మరదలు అరిచింది. "అబద్ధం చెప్పకూడదు, కోర్టిది!"

బండోడి ముక్కులోంచి కుక్కరు కూతలాంటిది ఒకటి వచ్చింది. దాన్ని ఆపుదామని పక్కామె వాడి వీపు మీద చరిచింది. దాంతో వాడు పూర్తిగా బద్దలయ్యాడు. బల్లంతా ఊగింది. దుబాసీ అమ్మాయి భుజం అనే మాట దాకా బాగానే వచ్చి, అక్కడ ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆగి, బల్లమీద తల వాల్చేసింది. ఆ నవ్వంతా గొట్టాల్లోంచి తిన్నగా జడ్జీల చెవుల్లోకి పోయింది. ఒక జడ్జీగారు దగ్గు నటించారు. ఇంకొకరు కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అవి తలకిందులుగా ఉన్నాయి. బంట్రోతు గోడమీది రాత వైపు వేలు చూపిస్తూ, కడుపు పట్టుకున్నాడు.

లాయరమ్మ కళ్ళు మూసుకుంది. ఇక కేసు పోయిందనే అనుకుంది.

రెండు గీతలాయన మొహం కందగడ్డయింది.

"చూశారా! చూశారా! ఇదే వీళ్ళ తంతు! మా దేశంలో మేం నిషేధించింది దీన్నే! ఎవడైనా చస్తే చుట్టూ చేరి, వాడి చేష్టలు చెప్పుకుని పగలబడి నవ్వుతారు! ఇంత పవిత్రమైన కోర్టులో నిలబడి చావు నవ్వు నవ్వుతున్నారు!"

పెద్ద జడ్జీగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. చెయ్యి ఆగిపోయింది.

"ఎవరి చావు?"

"ఈయన తమ్ముడిది!"

"పారిపోయాడన్నారు మీరు."

ఆయన కాగితాలు తిరగేశాడు. "అంటే... వీళ్ళు అలా అనుకుంటున్నారని..."

జడ్జీగారు నా వైపు తిరిగారు. "ఇది చావు నవ్వేనా?"

"కాదండి. ఇది మామూలు నవ్వండి. వాడి చివరి నవ్వు మేం ఇంకా నవ్వలేదు. చచ్చాడని ఎవరూ చెప్పలేదు కదండీ," అన్నాను. అంత పొడుగు మాట నేనెప్పుడూ ఆడి ఉండను.

"బుకాయింపు!" అని ఆయన బల్ల గుద్దాడు. నిజానికి మమ్మల్ని అబద్ధాలకోరులని తేల్చడమే ఆయనకు కావాలి. ఆ కోపంలో కాళ్ళ కింద ఏముందో చూసుకోలేదు. "వీళ్ళకు అన్నీ తెలుసు! పాతిపెట్టిన చోటు చుట్టూ మేం కంచె ఎందుకు వేయించాం? వీళ్ళు అక్కడికి కూడా వచ్చి నవ్వుతారనే కదా!"

దుబాసీ అమ్మాయి తల ఎత్తింది. కన్నీళ్ళు తుడుచుకుని, ఆ మాటను ఒక్కో ముక్కా జాగ్రత్తగా పంపింది. జడ్జీల మొహాల మీద నవ్వు ఆరిపోవడం నేను చూశాను.

"ఏ చోటు?" అన్నారు పెద్ద జడ్జీగారు. కలం తీశారు.

రెండు గీతలాయన కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. మంచినీళ్ళు అడిగాడు.

వెనక మరదలు లేచి నిలబడింది. ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. "బావగారూ," అంది మెల్లగా. "చెప్పాడా? వాళ్ళ నోటితోనే చెప్పాడా?"

"చెప్పాడమ్మా."

ఆమె బల్ల పట్టుకుంది. "నిజంగా నా భుజమెక్కాడు," అంది. "ఎక్కి, 'దాన్ని ఏం చెయ్యకే, పాపం, పిల్లలున్నాయేమో' అన్నాడు. భయపడి చస్తూ." అంటూండగా ఆమె గొంతులోంచి అది వచ్చింది. ఏడుపో నవ్వో మొదట ఎవరికీ తెలియలేదు. తర్వాత తెలిసింది. మావాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఈసారి ఎవరూ నోరు మూసుకోలేదు.

హాల్లో ఎక్కడో మోటబావి గిలకలా కిర్రుమని ఒక చప్పుడు. అందరూ ఇటూ అటూ చూశారు. నేనూ చూశాను. అది నాలోంచే వస్తోంది.

బంట్రోతు గోడమీది రాత చూపిస్తూ అడుగు ముందుకు వేశాడు. పెద్ద జడ్జీగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండనివ్వు. కానివ్వండి," అన్నారు.

ఆ మాట వినగానే మావాళ్ళకు కుంచె గుర్తొచ్చింది. ఇక ఆగుతారా? చివరి నవ్వు ఎప్పుడూ లేనంత పొడుగు సాగింది.

సాయంత్రానికల్లా చెప్పారు. కేసు తీసుకున్నారు. కోర్టు తన మనుషుల్ని పంపి తవ్వించేదాకా ఆ కంచె లోపల ఎవరూ పార పెట్టరాదన్నారు. మెట్లు దిగుతూ లాయరమ్మ చెప్పు తెగింది. ఆమె అది చేత్తో పట్టుకుని, ఇంకా నమ్మలేనట్టు నడుస్తోంది.

"నవ్వితే కేసు పోతుందన్నాను కదూ మీతో?"

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళున్నంత కాలం మనకేం ఢోకా లేదమ్మా," అంది మరదలు. కళ్ళు వాచి ఉన్నాయి. మొహం కడిగిన గాజులా ఉంది. "మా ఆయన గుమ్మం దాటాడు. ఇక ఎముకలు తెచ్చుకోవడమే."

మర్నాడు చాకిరేవులో దుప్పట్ల గుట్ట ఎప్పటిలాగే ఉంది. పెట్టె వేడెక్కింది. దుప్పటి పరిచి నొక్కబోతుంటే బల్ల కాలి దగ్గర ఒక బొద్దింక, మీసాలు ఆడిస్తూ, తీరిగ్గా నిలబడి ఉంది.

నాకు బొద్దింకలంటే ఏనాడూ భయం లేదు.

బల్లెక్కాను.

"బావగారూ! అక్కడేం చేస్తున్నారు?" అంది మరదలు, సూది గాల్లోనే ఆపి.

"దాన్ని ఏం చెయ్యకమ్మా," అన్నాను. "పిల్లలున్నాయేమో."