తొమ్మిదో తేదీన రాసిన తమ్ముడు

మా వంశవృక్షం రాసే పని నేనే నెత్తిన వేసుకున్నాను. కాగితం చూడందే ఎవరినీ ఎక్కించనని మొండిపట్టు కూడా పట్టాను. తీరా చూస్తే అది అమ్మమ్మకే గుచ్చుకుంది.

అమ్మమ్మకు ఒక తమ్ముడుండేవాడట. మూడు నెలలకే పోయాడు, వాడి పేరిట కాగితమేదీ లేదు. ఆ తరవాత వాళ్లమ్మ మళ్లీ వాడి ఊసెత్తలేదు. "కన్నతల్లే మరిచిపోయింది. నేనూ పోతే వాడసలు పుట్టనట్టే," అని అమ్మమ్మ దిగులు. డెబ్బై ఏళ్లయినా తల్లి మీద ఆ కోపం చల్లారలేదు.

చివరకు రికార్డుల ఆఫీసులో పాత జనాభా లెక్కల కాగితం నకలు దొరికింది. ఇంట్లోవాళ్ల వరుసలో ఆఖరున "కొడుకు, మూడు నెలలు" అని ఉంది. అడుగున తొమ్మిదో తేదీ. నేను ఎగిరి గంతేసి, తొమ్మిదిన బతికే ఉన్నాడని చార్టులో రాసేశాను, అదీ పెన్నుతో.

అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది. "తప్పు. ఆ నెల అయిదునే పోయాడు."

"నీకప్పుడు ఏడేళ్లు అమ్మమ్మా. తేదీ ఏం గుర్తుంటుంది?"

"అయిదు నా పుట్టినరోజే, తెలివిగలదానా!"

నేను కాగితం మీది తేదీ మళ్లీ చూశాను. తొమ్మిదే.

"ఎవరో నోటికొచ్చింది రాసిపారేసుంటారు. కొట్టెయ్," అంది నీరసంగా.

కొట్టేయడానికి చెయ్యి రాలేదు. కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, అంతకుముందు చదవకుండా వదిలేసిన పై వరుసలు చదివాను. ఒకటో తేదీ ఉదయానికి ఇంట్లో ఉన్నవారినే రాయాలి. తరవాత పుట్టినవారిని చేర్చకూడదు, పోయినవారిని తీసేయకూడదు. తొమ్మిది అంటే లెక్క రాసే మనిషి వచ్చిన రోజు, అంతే. నేనే పప్పులో కాలేశాను. తేదీ పక్కనే ఇంకో గడి కూడా ఉంది. వివరాలు చెప్పినవారు: తల్లి.

అమ్మమ్మ పక్కన కూర్చుని మెల్లగా చదివి వినిపించాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"అంటే వాడు పోయిన నాలుగు రోజులకి, గుమ్మంలో ఎవరో పరాయి మనిషి అడిగితే..."

"అవునమ్మమ్మా. వాడిని కూడా చెప్పింది. నెలలతో సహా."

"నోరెలా వచ్చిందే అమ్మకి! ఇన్నేళ్లూ తిట్టుకున్నానే దాన్ని..."

అమ్మమ్మ ఏడ్చింది. నాకూ ఆగలేదు. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, చార్టు నా ముందుకు జరిపింది.

"ఒకటో తేదీకి ఉన్నాడని రాయి. చెప్పింది మా అమ్మ అని కూడా రాయి."