సొరుగు కూసింది

పచ్చి కర్రకు ముహూర్తం పెట్టింది మీరు. ఆ కర్ర వంకర తిరిగి కిర్రుమంటే, బాగు చేయించకుండా దాన్నే ఇంటికి కాపలా పెట్టింది మీరు. పైగా "పాడు సొరుగు" అని తిట్టిందీ మీరే. తిట్టండి. మీ తప్పు ముందు చెప్పేశాను కాబట్టి ఇక నాది చెబుతాను. నాది చిన్నదేం కాదు.

నేను ఒక సొరుగుని. జగిత్యాలలో, బస్సుల మెకానిక్ మల్లేశం ఇంట్లో, డ్రెస్సింగ్ టేబుల్‌కున్న మూడు సొరుగుల్లో నడిమిదాన్ని. పైదాంట్లో దువ్వెనలు, కిందిదాంట్లో పాత బట్టలు. ఇంటి కాగితాలన్నీ నా కడుపులో.

నన్ను చేసింది వడ్ల సదానందం. అప్పుడే కోసుకొచ్చిన వేపమొద్దును గోటితో గీకి చూసి, "రెండు ఎండకాలాలు ఆరాలె మల్లేశం. ఇప్పుడే చేస్తే వంకర తిరుగుతది" అన్నాడు.

"గృహప్రవేశానికి పదారు దినాలున్నయ్. అయ్యగారు ముహూర్తం తీసిండు. నీ కర్ర కోసం చుక్కలు ఆగుతయా?"

చుక్కలూ ఆగలేదు, కర్రా ఆగలేదు. మొదటి ఎండాకాలం వంకర తిరిగాను, మొదటి వానకు ఉబ్బాను. ఎవరు లాగినా సగం దూరం అరిచి, మిగతా సగం రానని బిగుసుకునేదాన్ని.

ఈ జబ్బుకు మల్లేశం భార్య రాజవ్వ ఒక ఉపయోగం కనిపెట్టింది. ఆమె పొద్దంతా వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. లోపల నేను కిర్రుమంటే చాలు, తల ఎత్తకుండానే, "సొరుగు కూసింది! ఎవలది?" అని కేకేస్తుంది. తీసినవాడు మల్లేశమైనా సరే, "నేనేనే, డాక్టర్ రాసిన గోళీల చీటి కోసం" అని జవాబు చెప్పుకోవాల్సిందే. "రాజవ్వ ఇంట్ల కోడి ఎందుకు, సొరుగే కూస్తది" అని వాడకట్టంతా నవ్వేది.

ఒకసారి సదానందం తనంత తానే వచ్చాడు. తను చేసిన వస్తువు తిట్లు తినడం అతనికి నచ్చలేదు. "జర చిత్రిక పట్టి, గరుకు కాగితంతోని రుద్ది, మైనం పూస్తే పట్టులెక్క జారుతది అక్కా. నూనె మాత్రం తాకనియ్యకు, జిగురైతది" అన్నాడు.

"వద్దు తమ్మీ, కూయనియ్. దొంగకు భయముంటది, రేపొచ్చే కోడలికి భయముంటది."

ఇద్దరూ నవ్వారు. నేనూ పొంగిపోయాను. నా గొంతు లేకపోతే ఈ ఇల్లు గడవదనుకున్నాను. అదే నా మొదటి తప్పు.

కోడలు వచ్చింది. పేరు వనజ. వచ్చిన వారానికే ఆమె టెన్త్ మెమో రాజవ్వ చేతిలోకి, అక్కణ్ణుంచి నా కడుపులోకి వచ్చింది. "ఈడ్నే ఉండనీ, భద్రంగ ఉంటది" అంది రాజవ్వ. భద్రం అంటే ఏమిటో నేను పన్నెండేళ్లు చూశాను. దాని మీద కరెంటు బిల్లులు, వాటి మీద పెళ్లి కార్డులు, మూత పడకపోతే మోచేత్తో ఒక కుక్కుడు. ఆ కుక్కుళ్లకు మెమో పైకి లేచి, నా వెనక గోడ దాటి, బల్ల చెక్కకూ నాకూ మధ్య సందులో పడిపోయింది. నేను చూశాను. నేనొక్కదాన్నే చూశాను.

ఆ పన్నెండో ఏడు వార్డులో అంగన్‌వాడీ టీచర్ పోస్టు పడింది. ముప్పై అయిదేళ్ల లోపు వాళ్లకే. వనజకు ఇంకో రెండు నెలల్లో ముప్పై అయిదు నిండుతాయి. ఇది తప్పితే ఇక లేదు. అత్తను అడిగింది. "నువ్వు కొలువుకు పోతే బీడీలెవలు చుడుతరు?" అని అత్త నవ్వేసింది.

ఆఖరు తేదీకి ముందు రోజు, రాజవ్వ స్నానానికి లేవగానే, వనజ కోడి ఈకను ఆముదంలో ముంచి నా పక్క సందుల్లో పూసింది. తలుపు కిర్రుమంటే బందులకు ఆముదం పూస్తారు కదా, సొరుగుకూ అంతే, ఒక రాత్రి నానితే కూయదనుకుంది. నూనె తాకనియ్యొద్దన్న మాట ఈ ఇంట్లో రాజవ్వ ఒక్కతే విన్నది. ఆమె ఎన్నడూ కోడలికి చెప్పలేదు. ఆముదం, రాజవ్వ చేతుల నుంచి ఏళ్లుగా రాలిన తంబాకు పొడి కలిసి తెల్లారేసరికి బంకయ్యాయి.

మర్నాడు అదే వేళకు లాగింది. రాలేదు. రెండు చేతులా లాగింది. జానెడు వచ్చి, నేను జన్మలో కూయనంత గట్టిగా కూశాను.

రాజవ్వ తడి చీరతోనే వచ్చేసింది. "ఏం దేవులాడుతున్నవ్?"

"నా మెమో అత్తమ్మా. ఇయ్యాల్నే ఆఖరు."

"ఏడ పెట్టిన్నో ఏమో. ఉంటే గా సొరుగులనే ఉంటది. లేదంటే లేదు."

ఆ జానెడు సందులోంచి వనజ మోచేయి దాకా చెయ్యి పెట్టి వెతికింది. మణికట్టు గీరుకుపోయింది. ఆమె వేళ్లకూ మెమోకూ మధ్య నా వెనక చెక్క ఒక్కటే అడ్డం. ఇంట్లో ప్రతివాళ్ల మీదా చాడీ చెప్పిన నోరు నాది. "నన్ను మొత్తం పీకెయ్, వెనక చూడు" అని ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు లేకపోయింది. చేతికంటిన బంకను కొంగుకు తుడుచుకుని ఆమె వంటింట్లోకి వెళ్లింది. సాయంత్రం అయిదింటికి ఆఫీసు మూసేశారు.

ఆరేళ్లు గడిచాయి. ఇవాళ పొద్దున ఆమె కూతురు నవ్య టెన్త్ మెమో తెచ్చుకుంది. కాలేజీలో ఇవ్వడానికి ఎల్లుండి దాకానే గడువు. "తే పోరీ, సొరుగుల పెడుదాం, అందాక భద్రంగ ఉంటది" అంటూ రాజవ్వ దాన్ని అందుకుంది.

"వద్దు అత్తమ్మా."

వనజ నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. బల్ల కాలికి పాదం తన్నిపెట్టి, ఒక్క గుంజు గుంజింది. వాడకట్టంతా వినేలా అరిచి, మొత్తంగా ఊడి వచ్చాను. ఖాళీ అయిన గూట్లోకి వంగి చూసింది. దుమ్ములో మెమో. ఒక అంచు పురుగు తినేసింది. పేరు మాత్రం అలాగే ఉంది.

రాజవ్వ పక్కనే కూర్చుని, పురుగు తిన్న అంచును తడిమింది. "నేను దాయలే బిడ్డా. ఒట్టు, దాయలే."

"ఎరుకే అత్తమ్మా. మీరు దాయలే. దేవులాడలే. గంతే."

ఇప్పుడు నేను వాకిట్లో బోర్లా పడి ఉన్నాను. పక్కన వనజ తెచ్చిపెట్టిన గరుకు కాగితం, మైనానికి సగం కాలిన కొవ్వొత్తి. నవ్య మెమో ఇంకా రాజవ్వ ఒళ్లోనే ఉంది.

వనజా, చేతులు ముడుచుకుని కూర్చోకు. ముందు ఆ బంక గీకు. వంకరున్న చోట చెక్క రాలినా సరే, ఆగకుండా రుద్దు. ఆ తరువాత కొవ్వొత్తి రుద్దు. నా గొంతు పూర్తిగా నొక్కెయ్. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరు ఎవర్ని ఏం అడగాలన్నా ఎదురుగా నిలబడి నోటితో అడగాలి. రాజవ్వా, నువ్వు లేచి రా, నా రెండో కొస పట్టుకో. వచ్చేముందు ఆ కాగితం దాని మీద పేరున్న పిల్ల చేతిలో పెట్టు. ఎల్లుండి కాదు, ఇప్పుడే.