పక్కగోడ

రియాక్టర్‌లో ఇంధనం కరిగి కిందకి కారితే, అడుగున ఉన్న కాంక్రీటుని ఎంత లోతుకి తినేస్తుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం నా ఉద్యోగం. జరగని ప్రమాదం కోసం రోజూ ఒళ్ళు హూనం చేసుకుంటానని ఇంట్లో అందరూ నవ్వుతారు, తమ్ముడు తప్ప. నేను లెక్కకట్టే ఆ అణు విద్యుత్ ప్లాంటులోనే వాడు షిఫ్టు ఆపరేటరు. మా రిపోర్టు వెళ్తే గానీ ఆపేసిన ప్లాంటు మళ్ళీ నడవదు.

"నీ పుణ్యమా అని ఖాళీగా కూర్చుని నడుం పట్టేసిందక్కా. ఎప్పుడు తేలుస్తావ్?" అని పొద్దున్నే ఫోన్‌లో సతాయించాడు.

"ఇవాళ సంతకం పెట్టేస్తాలే, నా ప్రాణం తియ్యకు."

మా ఆఫీసులో ఒక అలవాటుంది. కాంక్రీటు నేల తట్టుకుందని తేలగానే లెక్క ఆపేస్తాం. మెషీను కోసం అవతల ఇంకొకరు కాచుకుని ఉంటారు మరి. ఆ రోజు చివరి లెక్కలోనూ నేల తట్టుకుంది. ఆపాల్సిందే, కానీ ఒంట్లో ఓపిక లేక బల్ల మీద తల వాల్చాను. కళ్ళు తెరిచేసరికి లెక్క ఇంకా నడుస్తోంది. తెర మీద నేల అలాగే ఉంది. పక్కగోడ లేదు.

అడుగున చల్లారి గట్టి పొరలా పెచ్చు కట్టడంతో, ఆ కరిగిన ముద్ద కిందకి పోలేక పక్కకి తింటూ పోయింది.

మా ఆఫీసు పెద్దాయనకి చూపించాను. కళ్ళజోడు తీసి మొహం రుద్దుకున్నారు.

"మనల్ని అడిగింది నేల గురించేనమ్మా. గోడ సంగతి ఎత్తామంటే లెక్కలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి."

ఆయన చెడ్డవారు కాదు, అలిసిపోయారంతే. అబద్ధమెందుకు, నాకూ సంతకం గీకేసి ఇంటికెళ్ళి పడుకోవాలనే ఉంది. కాగితాలు పట్టుకుని వరండాలోకొచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, ప్రమాదమంటూ జరిగితే రియాక్టర్ కింద పక్కగోడ అవతల ఎవరైనా ఉంటారా?"

"ఉంటారు. కరెంటు పోతే వాల్వులు చేత్తో తిప్పాలిగా. మీ రిపోర్టులు చూసే కదా, అంత భద్రమైన గది ఇంకోటి లేదని మావాళ్ళు చెప్పేది."

"ఎవరుంటార్రా?"

"నా షిఫ్టులో అయితే నేనే. ఏం, సంతకం అయిందా?"

భయమేసింది. వాడి మీద కోపం కూడా వచ్చింది, ఎందుకో తెలీదు.

"కాలేదు. ఇంకొన్నాళ్ళు ఖాళీగానే కూర్చో."

"నీకేమైనా పిచ్చా? ఇక్కడ అందరూ నిన్నే తిట్టుకుంటున్నారు తెలుసా!" అని విసురుగా పెట్టేశాడు.

తిట్టుకోనీ, బతికుండి తిట్టుకోనీ అనుకుంటూ లోపలికెళ్ళి మొదటి లెక్క మళ్ళీ తెరిచాను.