గురువారం డాన్సుకి నష్టపరిహారం

తమ తరఫు లాయరు కోగన్ అడిగిన మొదటి ప్రశ్నకే డెల్యాకి ఒళ్ళు మండింది.

"మోకాలు, ఆస్పత్రి, పోయిన పని, అవన్నీ రాసుకున్నాను ఫింటన్. ఆ దెబ్బ వల్ల నీకు లేకుండా పోయిన సంతోషం ఏంటి? జడ్జి దానికీ పరిహారం ఇస్తాడు."

ఫింటన్ ఒక్క క్షణమన్నా ఆలోచించాడా? లేదు. "గురువారం డాన్సు," అనేశాడు.

పక్కనే పెళ్ళాం డెల్యా కూచుని ఉంది మరి!

పశువుల సంతలో ట్రెయిలరు అడ్డం పెట్టాడని మొదలైన గొడవలో మాలకీ అనే దళారి ఇనప రాడ్డుతో ఫింటన్ మోకాలు విరగ్గొట్టాడు. నేరం కేసులో మాలకీకి శిక్ష పడింది. ఇప్పుడు నడుస్తున్నది నష్టపరిహారం దావా. మాలకీ మీద డెల్యాకి కోపం లేదని కాదు. కానీ ఊనా మీదున్న కోపం ముందు అది ఏ మూలకి!

ఊనా అంటే ఫింటన్ డాన్సు జత. వాళ్ళుండే క్లేర్ కౌంటీలో పద్ధతే అంత. గురువారం సాయంత్రం చర్చి హాల్లో నాలుగు జంటలు చదరంగా నిలబడి ఆడతాయి. ఒకసారి కుదిరిన జత ఏళ్ళ తరబడి అదే. మొగుడు ఇంకో ఆవిడతో ఆడితే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్న పెళ్ళాన్నే ఊరంతా తప్పుపడుతుంది. డెల్యాకేమో తాళమే రాదు. పెళ్ళినాడు తన డాన్సు చూసి నవ్వినవాళ్ళ పేర్లు ఇప్పటికీ మర్చిపోలేదు. "పోనీ ఆ ఊనాతో ఆడుకోరాదూ? మొగుడు పోయి దిగులుగా ఉంది పాపం," అని సలహా ఇచ్చిందీ తనే! ఇక నోరెత్తడానికేముంది? చొక్కా తడిసేలా ఆడి, ఈల వేసుకుంటూ వచ్చే మొగుడికి టీ కలిపిస్తూ పళ్ళు నూరుకోవడమే.

చెప్పుకోడానికి సిగ్గుగానీ, అతని కాలు విరిగాక డెల్యాకి లోలోపల హాయిగానే ఉంది. గురువారాలు తనకి దక్కాయి.

ఎనిస్ పట్నం కోర్టులో పొద్దున ఫింటన్ ప్రమాణం చేసి, డాన్సు పోయాక తనకి బతుకు చప్పబడిపోయిందన్నాడు. తర్వాత ఊనాని పిలిచారు. నీలం కోటు, పెదాలకి రంగు.

"సాక్ష్యానికొచ్చిందా, పెళ్ళికొచ్చిందా?" అని గొణిగింది డెల్యా.

"ఊరుకోవే, జడ్జి వింటాడు," అని పక్కనున్న ఆడపడుచు గిల్లింది.

"ఆయనతో ఆడుతుంటే కాళ్ళు నేలకి ఆనేవి కావండీ," అంది ఊనా. "ఆడినంతసేపూ నవ్వుతూనే ఉండేవాడు."

నవ్వుతూనేనట! ఆవు కవలల్ని ఈనినా ఇంట్లో పెదవి విప్పని మనిషి!

తర్వాత డెల్యా బోనెక్కింది. మాలకీ తరఫు లాయరు తేనె పూసినట్టు అడిగాడు. "మీ ఆయన ఇప్పుడు సాయంత్రాలు మీతోనే ఉంటారు కదమ్మా. ఆయన సుఖంగానే ఉన్నారా?"

లేడనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా ఊనా కూచుని ఉందే! ఆవిడ వింటుండగా, నా మొగుడికి నా దగ్గర సుఖం లేదని తన నోటితో తనే ఎలా చెప్పడం?

"ఎందుకుండడూ? ముందుకంటే సుఖంగా ఉన్నాడు. నా దగ్గరుంటే ఆయనకి డాన్సు ధ్యాసే లేదు!"

లాయరు మొహం వెలిగిపోయింది. "అంటే పొద్దున ఆయన చెప్పింది అబద్ధమన్నమాట."

డెల్యా మొగుడి వైపు తిరిగింది. ఫింటన్ కోప్పడలేదు. చేతికర్ర పట్టుకుని తల దించుకుని బూట్ల వంక చూస్తున్నాడు. దావా పోతే పోయింది, రేపట్నుంచి సంతలో ప్రతివాడూ ఆయన్ని అబద్ధాలకోరు అంటాడు. ఆ మాట అనిపించింది మాలకీ కాదు, తను.

"ప్రమాణం చేశారమ్మా," అన్నాడు జడ్జి. "మరోసారి ఆలోచించుకుని చెప్పండి."

"అబద్ధమాడింది నేనండీ," అంది డెల్యా. "గురువారం వస్తే రేడియో దగ్గర కూచుంటాడు. బల్ల కింద మంచి కాలు తాళం వేస్తుంటుంది. నేను రాగానే ఆపేసి, వాన కబురు వింటున్నానంటాడు. దెబ్బ తగిలాక ఒక్కసారి కూడా ఈల వేయలేదు. నా దగ్గర ఆయనకి సుఖం లేదండీ. నాకు తెలుసు. తెలిసే తెలీనట్టున్నాను."

డెల్యా ఊనా వైపు చూడకుండా దిగి వచ్చింది.

మధ్యాహ్నం తీర్పు ఫింటన్ వైపే వచ్చింది. ఇంత పరువు పోగొట్టుకుని ఎవరూ కల్పించి చెప్పరంటూ జడ్జి డాన్సుకి విడిగా పరిహారం ఇప్పించాడు.

బయట తుంపర పడుతోంది. "గెలిపించావే!" అని ఆడపడుచు వాటేసుకుంది. డెల్యా ఆమె భుజం మీంచి మొగుడి కోసం వెతికింది.

ఫింటన్ కర్ర టకటకలాడించుకుంటూ మెట్లు దిగుతున్నాడు, ఊనా దగ్గరికి. "డాన్సుకి కూడా ఇచ్చారు ఊనా, విన్నావా!" మొహమంతా నవ్వే. ఆ హాల్లో ఎప్పుడూ అడుగు పెట్టని డెల్యా ఆ నవ్వు చూడ్డం అదే మొదలు.

ఊనా మాత్రం నవ్వలేదు. డెల్యాని చూసింది. "ముందు నాకు చెప్తావేంటయ్యా? బుద్ధుందా? మీ ఆవిడ దగ్గరికి పో," అని ఫింటన్ మోచెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పింది. ఆయన చప్పున తిరిగాడు.

కుంటుకుంటూ వచ్చి, తడిసిన చేతులు చాచాడు. డెల్యా పట్టుకుంది. పట్టుకుంది గానీ, ఆ చేతుల్లో ఉన్నంతసేపూ, ఊనా పంపితే వచ్చాడన్నదే గుండెల్లో గుచ్చుతోంది.