రెక్కలున్న ఆరుద్ర పురుగు

లక్ష్మీరాజానికి చైనా మీద కోపం వచ్చిన వారమే హారతి చైనా పురుగును గీసింది.

సరిహద్దులో సైనికులు చనిపోయారని విని, సూరత్‌లో మన నేతవాళ్లుండే అమ్రోలిలో అందరూ బాధపడ్డారు. లక్ష్మీరాజం బాధపడి ఊరుకునే మనిషి కాడు. దీపావళికి కొన్న చైనా బల్బుల దండను డాబా మీదికి తీసుకెళ్లి చెప్పుకాలితో తొక్కి పగలగొట్టాడు. ఆ వీరకార్యాన్ని ఫోనులో తీయించి కులసంఘం గ్రూపులో పెట్టాడు. ఆ ఫోనూ చైనాదే. పెంకులు ఊడ్చిన మరదలు విజయరాణికి ఆ సంగతి తెలుసు. బావగారి ఆవేశాల వెనక చీపురు పట్టుకుని నడవడం ఆమెకు కొత్త కాదు.

సేఠ్ కార్ఖానాలో లక్ష్మీరాజం మాస్టర్. ఏ డిజైను సేఠ్ దాకా పోవాలో ఆయనే తేలుస్తాడు. లాక్‌డౌన్ తర్వాత లూములు మళ్లీ తిరగడం మొదలుపెట్టాయి. సేఠ్ ఇదివరకెవరూ చూడని చీర అంచు కావాలన్నాడు. అది గీసినవాళ్లకు డిజైన్ల గదిలో ఉద్యోగం. విజయరాణి కూతురు హారతి కంప్యూటర్ మీద డిజైన్లు నేర్చుకుని, ఈ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుంది. అది రాకపోతే తల్లి పక్కన కూర్చుని చీరలకు రాళ్లు అంటించడమే. ఆ జిగురు వాసన అన్నం తినేటప్పుడు కూడా వేళ్లను వదలదని విజయరాణికి తెలుసు.

హారతి గీసింది కీచురాయిని. అది ఏళ్ల తరబడి మట్టిలో ఉండి, ఒకనాడు పైకొచ్చి, పొర విడిచి రెక్కలు తెచ్చుకుంటుందట. అందుకే పూర్వం చైనాలో చనిపోయినవాళ్ల నోట్లో పచ్చరాతి కీచురాయిని పెట్టేవారట, మళ్లీ పుడతారని. లాక్‌డౌన్‌లో అన్ని రోజులు గదిలో బందీగా ఉన్న పిల్లకు ఆ మాట నచ్చింది. మీగడరంగు గుడ్డ మీద ఎర్రటి పురుగులు, సన్నటి రెక్కలు. తండ్రి రాంప్రసాద్ తన లూము మీద జానెడు నమూనా నేసి తెచ్చాడు.

లక్ష్మీరాజం అదేం పురుగని అడిగాడు. హారతి ఉన్నదున్నట్టు చెప్పింది.

“ఒక చైనా పురుగు లోకాన్నంత ముంచింది, సాలదా? ఇంకోదాన్ని ఆడోళ్ల నడుముకు సుడుతవా?”

గుడ్డను రెండు వేళ్లతో పక్కకు విసిరి, చేతులకు శానిటైజర్ రుద్దుకున్నాడు.

గడప దగ్గర కూర్చుని తొలకరి వాన చూస్తున్న ఆయన తల్లి ఎల్లవ్వ ఒడిలో పడింది ఆ గుడ్డ. ఆమెకు చూపు మందం. ఎరుపు కనిపించింది, పురుగు కనిపించింది. అంతే, కళ్లకద్దుకుంది.

“ఆరుద్ర పురుగు. ఇన్నేండ్లకు సూరత్‌ల కనవడ్డవా తల్లీ.”

తొలివానకు చేలల్లో మెత్తటి ఎర్ర మఖమల్ ముద్దలా పైకొచ్చే ఆ పురుగు కనిపిస్తే ఆ ఏడు పంట బాగుంటుందని వాళ్ల ఊళ్లో నమ్మకం. లక్ష్మీరాజం క్షణం ఆలోచించాడు. తరువాత చైనా ఫోను తీసి, గుడ్డ పట్టుకున్న తల్లిని ఫొటో తీశాడు. సాయంత్రానికి గ్రూపులో ‘మన మట్టి పురుగు, మన డిజైన్’ అని వచ్చింది. సేఠ్‌కూ అదే చెప్పాడు. సేఠ్ ముచ్చటపడి, పేరు ‘ఆరుద్ర’ అనే ఖాయం చేసి, ఆ పిల్లను పనిలోకి రమ్మన్నాడు.

మర్నాడు కార్ఖానాలో నవ్వులు. జగిత్యాల నుంచి వచ్చిన రాజమల్లు, ఆరుద్ర పురుగుకు రెక్కలెప్పుడు మొలిచాయి మాస్టర్ సాబ్ అని అందరి ముందూ అడిగాడట. లక్ష్మీరాజం మొహం ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చి, రెక్కలు తీసెయ్యమని హారతికి హుకుం వేశాడు.

“రెక్కల్లేకుంటే అది ఇంకా మట్టిలనే ఉన్నట్టు, పెద్దబాపూ,” అంది హారతి.

“ఉండనీ. మట్టి పురుగనే కదా చెప్పిన.”

హారతి మౌస్ మీద చెయ్యి వేసింది. విజయరాణి అంటిస్తున్న రాయిని కింద పెట్టింది.

“తీస్తే మళ్ల సేఠ్‌కు సూపియ్యాలె గద బావా. మొదలు రెక్కలెందుకున్నయని అడుగుతడు. ఏం జెప్తరు?”

లక్ష్మీరాజం ఆమెను చూశాడు, గుడ్డను చూశాడు. చైనా అన్న మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగింది. విజయరాణి మళ్లీ రాయి తీసుకుని జిగురు అద్దింది.

సోమవారం హారతి డిజైన్ల గదిలో కూర్చుంది. లూము మీద కీచురాళ్లు రెక్కలతోనే దిగుతున్నాయి. రాజమల్లు మళ్లీ నవ్వాడు. ఈసారి మాస్టర్ తడుముకోలేదు.

“మీ దిక్కు రెక్కలుండయేమో,” అన్నాడు లక్ష్మీరాజం. “మా ఊర్ల ఎగురుతయి.”