రంగు చూడకు

వాసవి ఇంజనీరింగ్ కాలేజీలో అడుగుపెట్టే నాటికే హైడ్రాలిక్స్ సగం నేర్చేసుకుంది. నేర్పింది వాళ్ళ నాన్న ధర్మారావు. నందిని రోడ్డు వైపున్న ఒక ఫోర్జింగ్ కార్ఖానాలో ఆయన ప్రెస్సుల పని చూసేవాడు. కాలిన ఇనుప దిమ్మల్ని నూనె ఒత్తిడితో అదిమి రూపం తెచ్చే పెద్ద యంత్రాలవి. సెక్టర్ 6లో వాళ్ళుండే క్వార్టరు తాత అప్పలకొండది. శ్రీకాకుళం నుంచి వచ్చి, ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేసి, రిటైరయ్యాక లీజుకి తీసుకున్నాడు. ధర్మారావు మాత్రం ప్లాంటులో చేరలేదు. ఇంటర్వ్యూ పోయిందని ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి.

వాసవికి తొమ్మిదేళ్ళప్పుడు, డ్యూటీ నుంచి రాగానే ఆయన పెరటి గచ్చు మీద సుద్దముక్కతో గీసేవాడు. ఇది ట్యాంకు, ఇది పంపు, ఇది వాల్వు, ఇది సిలిండరు. పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని గీత వెంట వేలు పోనిచ్చేది.

"రంగు సూడకమ్మా," అనేవాడు. "పైపుకి ఏ రంగేసినా ఒకటే. నూనె ఎక్కడ్నించి వస్తంది, ఎక్కడికెళ్తంది, అది సూడు. పంపు సప్పుడు విను. వాల్వు మీద చెయ్యి పెట్టు, వేడిగుంటే లోపల్లోపలే కారిపోతందని."

కాలేజీలో మిగతావాళ్ళు పుస్తకంలో ఎర్రగీత ప్రెషరు, నీలంగీత రిటర్ను అని బట్టీపట్టారు. వాసవి వేలితో వెతుక్కుంటూ వాళ్ళకంటే ముందే తప్పు పట్టేసేది. ఆఖరి సంవత్సరం ట్రైనింగుకి వెళ్ళిన కార్ఖానాలో మూడురోజులుగా దొరకని లోపాన్ని వాల్వుల మీద చెయ్యి వేసుకుంటూ వెళ్ళి పావుగంటలో చూపించింది. అక్కడి ముసలి ఫిట్టరు, "దీదీ, ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. "ఇంట్లో," అంది.

ఇరవైమూడేళ్ళ వయసులో రాయపూర్ దగ్గర ఒక రోలింగ్ మిల్లులో హైడ్రాలిక్స్ మెయింటెనెన్స్ ఇంజనీరుగా సెలెక్టయింది. ఇంటర్వ్యూలో నలుగురు పెద్దవాళ్ళు గంటసేపు అడిగారు. చివర్లో అందులో ఒకాయన నవ్వి, "ఎప్పుడు చేరతావు?" అన్నాడు. అమ్మ కామాక్షమ్మ ఆ రాత్రే ఫోన్లో వైజాగ్ చుట్టాలందరికీ చెప్పేసింది. ధర్మారావు కూతురి తల మీద చెయ్యి వేసి, "మెడికల్ ఎప్పుడు?" అని ఒక్కమాట అడిగాడు. ఆనందంతో మాట రావట్లేదనుకుంది వాసవి.

మెడికల్లో బరువు, బీపీ, ఎక్స్‌రే అన్నీ అయ్యాయి. ఆఖర్న కళ్ళ డాక్టరమ్మ చుక్కల బొమ్మలున్న పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో పన్నెండు కనిపించింది. రెండో పేజీలో ఏమీ లేదు, చుక్కలే. మూడో పేజీలో ఇరవైఒకటి అంది వాసవి. డాక్టరమ్మ పెన్ను ఆపింది. ఇంకా పది పేజీలు తిప్పింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"బేటీ, నీకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియట్లేదు. ఎవరూ చెప్పలేదా?"

"రంగుల పేర్లలో కొంచెం తడబడతాను మేడమ్. అంతే."

"ఆడపిల్లల్లో ఇది చాలా అరుదు. తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ రెండు వైపులా రావాలి. తల్లికి బయటికి కనిపించకపోవచ్చు. తండ్రికి మాత్రం ఉండే తీరుతుంది. మీ నాన్నగారేం చేస్తారు?"

వాసవి పుస్తకం తన వైపు లాక్కుని రెండో పేజీ మళ్ళీ తెరిచింది. డాక్టరమ్మ కాగితం మీద రెండు ముక్కలు రాసి సంతకం పెట్టింది.

రాయపూర్ నుంచి లోకల్ ట్రైన్లో కిటికీ పక్కన కూర్చుని వచ్చింది. ఉద్యోగం పోయిందన్న ఏడుపు మొదటి రెండు స్టేషన్లలోనే అయిపోయింది. ఆ తర్వాత వేరే సంగతి మొదలైంది. రంగు సూడకు. సప్పుడు విను. చెయ్యి పెట్టు. అనుభవం మీద దొరికిన విద్య అనుకుంది ఇన్నేళ్ళూ. కళ్ళకి తెలియని మనిషి బతకడానికి కనిపెట్టుకున్న దార్లు అవి. పవర్‌హౌస్ స్టేషన్లో దిగి ఇంటిదాకా నడిచే వచ్చింది.

ధర్మారావు పెరట్లో కుళాయికి వాషరు మారుస్తున్నాడు. కామాక్షమ్మ గుడికి వెళ్ళింది. వాసవి మెట్టు మీద కూర్చుని, "రిజెక్ట్ చేశారు నాన్నా. కలర్ బ్లైండ్ అంట," అంది.

ఆయన అదేమిటని అడగలేదు. పానాతో నట్టు ఇంకో చుట్టు బిగించాడు, అప్పటికే బిగిసిన నట్టు.

"నిజం చెప్పు నాన్నా. నీకు తెలుసు కదా."

ఆయన నట్టు వైపే చూస్తూ అన్నాడు. "ఆరేళ్ళప్పుడు మీ అమ్మ పండుమిరపకాయలు కోసుకురమ్మంటే పచ్చివి కోసుకొచ్చావు. మళ్ళీ పంపితే మళ్ళీ పచ్చివే తెచ్చావు. అప్పుడే తెల్సింది."

"నీకో?"

"నాకు ఇరవైరెండేళ్ళప్పుడు. ప్లాంటు మెడికల్లో తీసేసినారు. మా నాన్నకి సెప్పడానికి సిగ్గేసి ఇంటర్వ్యూ పోయిందన్నాను. కార్ఖానాలో మెడికలూ గిడికలూ ఏమీ లేదు, చేరిపోయాను."

"మరి నన్నెందుకు చదవనిచ్చావు? మొదట్లోనే చెప్పుంటే ఇంకేదైనా చదువుకునేదాన్ని కదా."

ధర్మారావు పానా కింద పెట్టాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "సెబ్దామనే అనుకునీవోణ్ణి. సుద్దముక్క పట్టుకుని నువ్వు పక్కన కూకుంటే... నాకెలా కనిపిస్తదో నీకూ అలాగే కనిపిస్తది. ఇంట్లో నాలాటి మనిషి ఇంకొకరున్నారనిపించీది. అప్పుడు సెప్పబుద్దయ్యీది కాదు."

ఆ మాటకి వాసవి కరిగిపోయేదే. కానీ ట్రైన్లో మొదలైన ఆలోచన ఇంకా ఆగలేదు. ప్రెస్సు దగ్గర ఎర్రదీపం వెలిగితే మనిషి లోపలున్నాడని, ఆకుపచ్చ వెలిగితే ప్రెస్సు దించే బటన్ నొక్కవచ్చని ఆమెకి తెలుసు.

"నాన్నా, సత్యారావు మావయ్య చెయ్యి..."

ధర్మారావు వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

సత్యారావు ఆయన స్నేహితుడు, ధర్మారావు నడిపే ప్రెస్సు మీదే ఫిట్టరు. వాసవికి ఏడేళ్ళప్పుడు ప్రెస్సు లోపలి అచ్చు, డై, మారుస్తుండగా ప్రెస్సు దిగి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. బయటికొచ్చి ప్రెస్సు అడ్డుతలుపు మూశాక, దీపం ఆకుపచ్చ చూపిస్తుండగా తొందరపడి మళ్ళీ తలుపు తీసి చెయ్యి పెట్టాడని అందరూ అన్నారు. అతనూ అదే నమ్మాడు. ఆ తర్వాత ధర్మారావు ప్రెస్సు ముట్టలేదు, పంపురూముకి మార్పించుకున్నాడు. స్నేహితుడి మీద బెంగ అనుకున్నారు. ప్రతి ఆదివారం సాయంత్రం ఖుర్సీపార్‌లో సత్యారావు ఇంటికి వెళ్ళి గంట కూర్చుని వస్తాడు, ఇప్పటికీ.

"పాత పేనల్ బోర్డులో రెండు దీపాలుండీవి," అన్నాడు ధర్మారావు. "పైది ఎరుపు, కిందది పచ్చ. సోటు సూసి తెల్సుకునీవోణ్ణి. కొత్త పేనల్లో ఒకటే దీపం పెట్టినారు, అదే రంగు మారతది. నాకు రెండూ ఒకలాగే. అందుకని ప్రతిసారీ సత్యాన్ని కేకేసి అడిగీవోణ్ణి, బయటికొచ్చినావా అని. ఆరోజు పక్కన హేమరు మిషను దడదడా కొడతంది. నేను కేకేసినాను. వాడు ఓ అన్నట్టే వినిపించింది. నొక్కేసినాను."

"ఎంక్వైరీలో?"

"పచ్చ వెలిగిందన్నాను."

వాసవి లేచి నిలబడింది. "నేను కూడా ఎవరిదో ఒకరిది చెయ్యి తీసేసేదాకా చూస్తూ ఊరుకునేవాడివా?"

గుడి నుంచి వచ్చిన కామాక్షమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏటైంది?" అంది. ఆమెకి చెప్పడానికి ఆ రాత్రంతా పట్టింది.

వారం రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. ఆదివారం మధ్యాహ్నం వాసవి స్కూటీ తాళాలు తీసుకుని, "నాన్నా, ఈరోజు నేనూ వస్తాను. నువ్వు మావయ్యకి చెప్పాలి," అంది.

"పదహారేళ్ళు అయిపోనాదమ్మా. ఇప్పుడు సెప్తే వాడికేటొస్తది?"

"తప్పు తనది కాదని తెలుస్తుంది."

ఆయన చొక్కా వేసుకుని వెనక కూర్చున్నాడు. దారి పొడుగునా కూతురి భుజం మీద చెయ్యి వెయ్యలేదు, వెనక కడ్డీ పట్టుకునే కూర్చున్నాడు.

సత్యారావు ఎప్పట్లాగే వాకిట్లో మంచం వేసుకుని ఉన్నాడు. వాసవిని చూసి మొహం విప్పారింది. "ఇంజనీరమ్మ వచ్చింది, టీ పెట్టు," అని భార్య అహల్యకి కేకేశాడు. అహల్య టీ తెచ్చి గడపలో కూర్చుంది. ధర్మారావు గ్లాసు పక్కన పెట్టి, నేల చూస్తూ, చెప్పాల్సిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనన్నట్టు చెప్పాడు.

వీధిలో కూరగాయల బండివాడు రెండుసార్లు అరిచి వెళ్ళిపోయాడు.

"తప్పు నాదేనని కాయితం రాయించుకున్నారు," అన్నాడు చివరికి. గొంతు మామూలుగానే ఉంది. "ఎడంచేత్తో సంతకం పెట్టడం రాలేదు నాకు. కాయితం జారిపోతా ఉంది. అప్పుడు నువ్వే కదరా, జారకుండా పట్టుకున్నావు."

ధర్మారావు మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"చెయ్యి పోనాదని కాదు ధర్మా. ఈ పనిలో అది పోవచ్చని తెలిసే చేస్తాం. ఇన్నేళ్ళూ నా తల మీద నేనే మొట్టుకున్నాను. అంత తెలివైనోణ్ణి, ఆ తలుపు మళ్ళీ ఎందుకు తీశానా అని. ఎంత గుర్తు చేసుకున్నా తీసినట్టు గుర్తొచ్చీది కాదు. నాకే మతిపోయిందనుకున్నాను."

అహల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను రోజూ తిట్టీదాన్ని అన్నయ్యా," అంది. "ఏటా తొందర, ఎవరు తరిమినారని. అన్నం కలిపి పెట్టినప్పుడల్లా తిట్టీదాన్ని."

ఎవరూ ముట్టని టీ గ్లాసులు తీసుకుని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

"ఇంక రాకు ధర్మా," అన్నాడు సత్యారావు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. తర్వాత వాసవి వైపు తిరిగి, "నువ్వు రావొచ్చమ్మా," అన్నాడు.

తిరుగుదారిలో ధర్మారావు ఏడుస్తున్నాడని వాసవికి వీపు మీద ఆయన ఊపిరి తగిలి తెలిసింది. బండి ఆపలేదు. ఆపితే తనూ ఏడుస్తుంది.

ఆ తర్వాత వాసవి మూడు చోట్ల ఉద్యోగానికి వెళ్ళింది. ప్రతిచోటా వాళ్ళు అడక్కముందే తన కళ్ళ సంగతి చెప్పింది. మూడు చోట్లా మర్యాదగానే కాదన్నారు. నాలుగోచోట, సిలిండర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో డ్రాయింగు ఆఫీసులో తీసుకున్నారు. కంప్యూటరు ముందు కూర్చుని కొలతలు వేస్తుంది. యంత్రాలు తగరపు రేకుల గోడకి అవతల ఆడుతుంటాయి. అటు వెళ్ళడానికి ఆమెకి అనుమతి లేదు. మధ్యాహ్నం అన్నాల వేళ పంపులన్నీ ఆపినప్పుడు వచ్చే నిశ్శబ్దం ఆమెకి నచ్చదు, అప్పుడు లేచి బయటికి వెళ్ళి నిలబడుతుంది.

నాన్నతో మాట్లాడుతుంది. కూరేంటి, కరెంటు ఎప్పుడు పోయింది, అమ్మ మోకాలి నొప్పి. నిజం చెప్పించింది తనే. చెప్పించడం తప్పని ఒక్కరోజు కూడా అనుకోలేదు. అయినా ఆదివారం నాలుగవగానే ఆయన చొక్కా వేసుకుని, కాసేపు అరుగు మీద కూర్చుని, మళ్ళీ విప్పి కొక్కేనికి తగిలించుకోవడం చూడలేక ఆమె లోపలికి వెళ్ళిపోతుంది.

నాలుగు నెలల తర్వాత ఒంటరిగా ఖుర్సీపార్ వెళ్ళింది. అహల్య అత్త ఉప్మా పెట్టింది. సత్యారావు ఉద్యోగం గురించి అడిగాడు, సిలిండరు సీళ్ళ గురించి రెండు మంచి మాటలు చెప్పాడు. ధర్మారావు పేరు ఎవరూ ఎత్తలేదు. వాసవి చెప్పులేసుకుంటుంటే సత్యారావు గేటు దాకా వచ్చాడు.

"మీ నాన్న తింటన్నాడా?"

"తింటున్నాడు మావయ్యా. తక్కువ."

తల ఊపాడు. గేటు గడియ ఎడంచేత్తో వేస్తూ, "నేనడిగానని సెప్పకు," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ధర్మారావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎక్కడికెళ్ళిందో ఆయనకి తెలుసు. అడగలేదు. స్కూటీకి స్టాండు వేసి, హెల్మెట్ తీసి, ఆయన్ని దాటుకుంటూ, "బాగున్నారు," అని మాత్రం చెప్పి వాసవి లోపలికి వెళ్ళింది.