చాపకు పెట్టిన దండం

హంగేరీ నుంచి వచ్చిన ఇలోనా చాపకు దండం పెట్టింది. నాకు పెట్టిందనుకున్నాను.

ఆటల పోటీలకు సామాను పరిచే కంపెనీలో పని నాది. అల్ ఖూజ్‌లో మా కూలీల క్యాంపు. ఆ వారం దుబాయ్‌లో కరాటే పోటీలు. ఎర్రవి, నీలివి రబ్బరు చాపలు బిగించి బరి పరిచాం. ఆటకు ముందు నేను తుడుపుకర్రతో అంచున నిలబడి ఉన్నాను. ఆడటానికి ఇలోనా వచ్చి నడుము దాకా వంగింది. ఎదురుగా నేనే ఉన్నాను. కర్ర చంకలో ఇరికించి చేతులు జోడించాను. పెట్టిన దండానికి తిరిగి పెట్టకపోవడం మా దగ్గర తప్పు.

ఆమె ఓడిపోయింది. దిగి, ఖాళీ బరివైపు తిరిగి మళ్లీ అలాగే వంగింది. అక్కడెవరూ లేరు. అప్పుడు తెలిసింది.

సాయంత్రానికి ఎవరో తీసిన వీడియో ఫోన్లన్నిటిలో తిరుగుతోంది. పక్క మంచం దేవేందర్ నా మీదికి ఎగబడ్డాడు.

"కాకా, హీరోవైనవ్ పో! కూలోనికి మొక్కిన చాంపియనంట. ఒకప్పుడు యూరప్ మొత్తంల ఫస్టంట గీమె. మోకాలు చెడినంక ఎవ్వలు పట్టించుకోలే. ఇప్పుడు జూడు, లక్షల మంది ఎన్క వడ్డరు!"

"చాపకు మొక్కింది రా."

"నీదేం పోయింది? మొక్కించుకో!"

మర్నాడు మా ముదీర్, అంటే మేనేజరు, అర్షద్ పిలిచాడు. హైదరాబాద్ మనిషి. నా సెలవు అతని చేతిలో ఉంది. నా భార్య లక్ష్మవ్వ కరోనాలో పోయింది. విమానాలు లేవు, పోలేకపోయాను. ఏడాది మాసికానికైనా పంపమని అడుగుతూనే ఉన్నాను.

"చాచా, మేడమ్ వస్తున్నది. కెమెరా ముందల ఇంకోపారి దండం పెడ్తది. 'నాకు ఇజ్జత్ ఇచ్చింది' అని నువ్వు చెప్పు, బస్. రేపే ఊరికి పో."

ఆమె వచ్చింది. నన్ను చూడలేదు. కెమెరా ఎక్కడుందో చూసుకుని వంగింది. ఆ రోజు దేనికి మొక్కిందో ఆమెకు తెలుసు. ఒక్క మాట చెప్పవచ్చు. చెప్పలేదు.

నేను చేతులు ఎత్తలేదు.

"బోలో చాచా," అన్నాడు అర్షద్.

"ఆమె మొక్కింది చాపకు. నాకు కాదు."

పక్కనున్న అమ్మాయి అది ఇంగ్లీషులో చెప్పింది. ఇలోనా ముఖం ఎర్రబడింది. అయినా నవ్వుతూ కెమెరాకు చేయి ఊపింది.

"ఖలాస్. నీ సెలవు భీ ఖలాస్," అన్నాడు అర్షద్.

నా మాట కోసేసి వీడియో పెట్టారు. ఆమె పేరు ఇంకా పెరిగింది. ఇప్పుడు గెలవకపోయినా పిలిచి సన్మానం చేస్తున్నారట, దేవేందర్ చెప్తాడు.

మాసికం నా కొడుకు భూమేశ్ చేశాడు. ఫోన్లో చూపిస్తానన్నాడు. వద్దన్నాను. ఆ రోజు అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో పని. బస్సులో అందరూ పడుకున్నారు. నేనూ పడుకున్నాను.